దిండులో దాఁగిన వ్రాఁతప్రతి: జడ్సను దంపతుల బర్మాకాఁపురము

ప్రాచీనగ్రంథములు దొరకు తెఱంగులు ఈ పత్రికను జదువు పండితులకుఁ గ్రొత్తవి కావు. అటకమీఁదను, ఆవుల కొట్టమునందును, అంగడిలోఁ బొట్లములు కట్టు కాగితముల నడుమను మనకుఁ జిక్కిన పుస్తకము లెన్నియో కలవు. చిక్కక పోయినవి యంతకంటె నెక్కువ. మా పితామహుల తాళపత్రములలో ముప్పాతిక చెదలపాలయ్యెను. మిగిలినవానిని మా పెత్తండ్రి యొకరు పుణ్యమని తలఁచి పుష్కరములలో గోదావరిలోఁ గలిపిరి. అందొక వ్యాకరణ వ్యాఖ్యానము కూడ నుండెనని మా యింటివారు చెప్పఁగా విని నేను పలుమాఱు నిట్టూర్చితిని. ఇట్టి నష్ట మెఱిఁగినవాఁడ నగుటచే, రెండువందల యేండ్ల క్రిందట బర్మాదేశపు చెఱసాలలో నొక వ్రాఁతప్రతి తలగడయై బ్రతికిన వృత్తాంతమును మొదట జదివినపుడు, అది యే మతమువారి గ్రంథమను తలఁపు నాకుఁ గలుగలేదు. పిదప విచారించి చూడఁగా, ఆ ప్రతిని గాపాడిన కుటుంబము పడిన పాట్లు ప్రతికంటెను విలువైనవిగాఁ దోఁచినవి. మన తెలుఁగుదేశముతో నీ కథకుఁ గల సంబంధము గూడ నల్పము గాదు. కావున నిచట వివరించుచున్నాను.

అడోనిరాం జడ్సను 1788 ఆగస్టు 9వ తేదిని అమెరికాలోని మసచ్యూసెట్సు సీమయందు మాల్డె నను నూరఁ బుట్టెను. తండ్రి మతాచార్యుఁడు. కొడుకు బ్రౌను కళాశాలలో 1807లో నందఱికంటె ముందుగా నుత్తీర్ణుఁడయ్యెను. అతని భార్య ఆన్ హాసెల్టైను 1789 డిసెంబరు 22వ తేదిని అదే సీమలోని బ్రాడ్‌ఫర్డున జన్మించి, వివాహమునకుఁ బూర్వము బడిలో జదువు చెప్పినది. పిల్ల నిమ్మని యడుగుచు జడ్సను మామకు వ్రాసిన జాబు ప్రసిద్ధము. కూఁతును బంపినచో మరల నీ లోకమున జూచు భాగ్యము లేకపోవచ్చుననియు, దూరదేశమున నామె కష్టములకును గడకు హింసామరణమునకైన లోను కావచ్చుననియు, అందులకు సమ్మతింతురా యనియు అందులో నడిగెను. అల్లుఁడు కాఁబోవువాఁడు మామ కిట్లు వ్రాయుట మన సంప్రదాయమున నూహింపరాదు. ఆ తండ్రియు నిర్ణయమును గూఁతునకే విడిచెను. 1812 ఫిబ్రవరి 5వ తేదిని పెండ్లి జరిగెను. పదునాలుగు దినములకు సేలము రేవున దంపతు లోడ యెక్కిరి.

ఓడలో నొక వింత జరిగినది. వ్యాకరణాధ్యేతల కిది యాసక్తికరము. జడ్సను నూతననిబంధనమును గ్రీకుమూలమునుండి పరిశీలించుచు, జలసంస్కారమును దెలుపు ‘బాప్టిజో’ అను ధాతువునకు ‘ముంచుట’ యే యర్థముగాని ‘చిలుకుట’ కాదను నిశ్చయమునకు వచ్చెను. ఆ నిశ్చయము ప్రకారము శిశువుల తలపై నీరు చిలుకు తమ సమాజపు టాచారము నిలువదు. 1812 సెప్టెంబరు 6వ తేదిని కలకత్తాలో దంపతు లిరువురును మునిఁగి సంస్కారము పొంది బాప్టిస్టులైరి. దానితోఁ దమ్ముఁ బంపిన సంఘముతోడి సంబంధము తెగినది. జీతము లేదు, ఆధారము లేదు, దేశము కాని దేశము. ఒక ధాత్వర్థముకొఱకు జీవిక నిట్లు వదలుకొన్నవారిని మన శాస్త్రచర్చలలో నేను చూడలేదు. తరువాత 1814లో అమెరికాలోని బాప్టిస్టులు వీరిని బోషించుటకే యొక మహాసంఘముగా నేర్పడిరి.

ఆ కాలమునఁ దూర్పిండియా కంపెనీవారు మతబోధకులను దమ రాజ్యమున నిలువనీయరు. 1813 నాఁటి చార్టరు శాసనముతోఁ గాని యా నిర్బంధము సడలలేదు. జడ్సను దంపతులను గలకత్తానుండి వెడలఁగొట్టిరి. వారు మారిషసుదీవికిఁ బోయి, అచటినుండి 1813 జూనులో మన చెన్నపట్టణమునకు వచ్చిరి. అచట నిలిచిన నింగ్లండునకుఁ బంపివేయుదురను భయము. రేవులో వెంటనే బయలుదేరు నోడ యొకటియే కలదు. అది రంగూనునకుఁ బోవునది. బర్మారాజ్యమన్న నప్పటివా రందఱును బెదరుచుండిరి. వేఱు దారిలేక యెక్కిరి. సముద్రముమీఁద ఆన్ తొలికాన్పున మృతశిశువును గనెను. జూలై 13వ తేదిని రంగూను చేరునప్పటికి నామె నడువలేని స్థితిలో నుండెను. 1815లో రంగూనునఁ బుట్టిన కొడుకు ఎనిమిది నెలలైన నిండక జ్వరముచేఁ బోయెను.

బర్మాభాషను నేర్చుటకు వారికి వ్యాకరణము లేదు, చక్కని నిఘంటువు లేదు, దుబాసియు లేఁడు. ఇంగ్లీషు రాని పండితుని యెదుట ఇంగ్లీషు మాత్ర మెఱిఁగిన శిష్యుఁడు కూర్చుండి, వస్తువులను వ్రేలితోఁ జూపి పేళ్లడుగుచు భాష నేర్చెను. పదములు విడఁదీయక గుండ్రని యక్షరములతో నెడతెగక వ్రాసిన తాటియాకులు మొదట నతనికి గుడ్లురిమి చూచినట్లుండెనఁట. మనవారి కవి యంత పరాయివి గావు. బర్మాలిపియుఁ దెలుఁగులిపియుఁ బ్రాచీన దక్షిణలిపుల సంతానములే. కవర్గ చవర్గ క్రమమును మనదే. ఉచ్చారణమునందు మాత్రము చకారము సకారమువలెను, రేఫము యకారమువలెను వినఁబడును. బర్మాభాషకుఁ బాలిభాషయే శాస్త్రభాష కావున జడ్సను దానిని గూడ నభ్యసించి, 1817లో మత్తయి సువార్తను బర్మాభాషలో నచ్చు వేయించెను. 1823 నాఁటికి నూతననిబంధన మంతయుఁ దెనిఁగించెను. (‘తెనిఁగించుట’ యన్నది నా నాలుక యలవాటు, ఇచట బర్మాభాషలోనికి మార్చుట యని యర్థము.) దొరసానియు నూరక యుండలేదు. సంసారపు బనులలో నెల్లప్పుడు బర్మాస్త్రీలతో మాటలాడుటచే నామెకు వాడుకభాష భర్తకంటె ముందుగాఁ బట్టువడెను. దానియేలు, యోనా గ్రంథముల ననువదించెను. రంగూనునఁ గల సయాము దేశీయులకొఱకు మత్తయి సువార్తను సయాముభాషలోనికిఁ గూడ నామె మార్చెను.

1819లో మార్గముప్రక్కన ‘జయా’ యను నొక చావడి కట్టించి జడ్సను అందుఁ గూర్చుండి వచ్చినవారితో మాటలాడ నారంభించెను. రంగూనులో నడుగిడిన యాఱేండ్లకు, 1819 జూను 27వ తేదిని, మౌంగ్ నౌ అను నతఁడు తొలి శిష్యుఁడయ్యెను. తరువాత వచ్చినవారిలో మౌంగ్ ష్వే ఞోంగ్ తర్కమునఁ దలపండిన పండితుఁడు, అన్నిటిని శంకించువాఁడు. ఇతఁడు భిక్షువుల బియ్యపుఁగుండను బోర్లద్రోయఁ జూచుచున్నాఁడని యొక గ్రామాధికారి రంగూను రాజప్రతినిధితోఁ జెప్పెను. మొదటి ప్రతినిధి విచారింపు మనెను. తరువాత వచ్చిన ప్రతినిధి, అది యంత పెద్ద నేరమా, భిక్షువులు దానిని మరల నిలువఁబెట్టుకొందురుగాక, యని నవ్వి పంపివేసెను. ఇట్లు కొంత దయ, కొంత భయము కలసిన కాలమది.

1820 మొదట జడ్సను, తోడి బోధకుఁడైన కోల్మనుతోఁ గూడ ఐరావతీనదిమీఁద రాజధానికిఁ బోయి, క్రొత్తగా సింహాసనమెక్కిన బాజీడా మహారాజునకు విన్నపము చేసికొనెను. ఆఱు సంపుటములుగాఁ గట్టి బంగారురేకు పొదిగిన బైబిలును గానుక యిచ్చెను. తన ప్రజలలో శిష్యులైనవారిని బాధింపకుండ ననుజ్ఞ యడిగెను. రాజు విన్నపము జదివెను. మతపత్రమును జేతఁ బట్టి రెండు పంక్తులు చూచి క్రింద జాఱవిడిచెను. కానుకయుఁ దిరిగి వచ్చినది. ఇఁక రంగూను విడిచిపోదమని నిశ్చయించిన జడ్సనును శిష్యులు ముగ్గురును దామే యాపి, ఎనిమిది మందియో పదిమందియో యగువఱకైన నుండుమని వేఁడుకొనిరి. ఈ స్థితిలో హింస తమకు ముందు, గురువునకుఁ దరువాత నని వారెఱుఁగుదురు. అయినను అడిగిరి.

ఇంతలో దొరసాని కాలేయవ్యాధిచే 1821లో స్వదేశమునకుఁ బోయి, 1823 చివర రంగూనునకుఁ దిరిగి వచ్చెను. దారిలో నింగ్లండునఁ దనకు నాతిథ్యమిచ్చిన బటర్‌వర్తు కుటుంబపు పేరునే తరువాతఁ గూఁతునకుఁ బెట్టెను. అప్పటికి డాక్టరు ప్రైసు వైద్యముచే మెచ్చిన రాజు వీరిని ఆవానగరమునకు రమ్మని పిలిచియుండెను. 1824 మొదట దంపతు లచటఁ గాఁపురము పెట్టిరి.

అప్పుడే యుద్ధము వచ్చెను. అస్సామునందును అరకానునందును బర్మాసైన్యములు ముందునకు వచ్చుటచే 1824 మార్చి 5వ తేదిని కంపెనీవారు యుద్ధము ప్రకటించిరి. మే నెలలో ఇంగ్లీషు నావలు రంగూనును బట్టుకొన్నవి. ఆ సేనలో జాలభాగము చెన్నపట్టణపు సిపాయిలు. వారిలోఁ దెలుఁగువా రెందఱో యుండిరి. ఇట్లు మనవారు దిగువ రంగూనున ఖడ్గము పట్టియుండఁగాఁ బైన ఆవాలోఁ దెల్లజాతివారందఱిని వేగులవారని బర్మాదొరలు శంకించిరి. శంకకు జూపిన యాధారము విచారింపఁదగినది. అమెరికాసంఘము పంపు ధనము బంగాళములోఁ జెల్లు హుండీలద్వారా రావలసియుండెను. ఆ హుండీలను మార్చియిచ్చినవాఁడు హెన్రీ గౌజరను నింగ్లీషు వర్తకుఁడు. అతని లెక్కపుస్తకమును బట్టిచూచిన యధికారులకు, ఈ బోధకు లింగ్లీషువారి సొమ్ము పుచ్చుకొనువారే యని తోఁచినది. అమెరికా వేఱు, ఇంగ్లండు వేఱు, అని చెప్పిన నెవరికి నమ్మకము? కావున దీనిని గేవలము మతద్వేష మనుట సరిగాదని నా యభిప్రాయము. క్రైస్తవపత్రికలలో నిట్లు వ్రాసినవారు కలరు గాని, సాక్ష్యములను జూడ నిది యుద్ధకాలపు బెదరు. సత్యమును జెప్పిన నా దంపతుల దీక్ష కేమియుఁ గొఱఁత రాదు.

1824 జూను 8వ తేదిని, భోజనవేళ, ముఖముమీఁద మచ్చలు పొడిచిన తలారివాఁడు తోడుగా నధికారి యొకఁడు వచ్చి జడ్సనును గ్రిందఁ బడవైచి సన్నని త్రాటితో విఱిచికట్టి యీడ్చుకొని పోయెను. ఈ తలారులు పూర్వము తామే నేరస్థులు. శిక్షకు బదులుగాఁ జెఱసాలపని చేయువారు. ఆ చెఱసాల పేరు ‘లెట్‌మయూన్’, అనఁగా ‘చేయి వెనుదీయకుము’ అని. అందు ఖైదీలకు మూఁడేసి జతల సంకెలలు. రాత్రులందు సంకెలలనడుమ వెదురుదూలము దూర్చి పైకెత్తుదురు. భుజములు మాత్రము నేలనుండును. సంకెలల జతలు తరువాత నైదైనవి.

ఇంటిలో దొరసాని యొంటరి, గర్భిణి. కావలివా రింటిచుట్టును నిలిచిరి. బంగాళీసేవకుల కాళ్లను బొండలో బిగించిరి. ఆ రాత్రియే యామె చేసిన పని మనబోఁటి వారు గమనింపవలసినది. తమకు వచ్చిన జాబులు, తాను వ్రాసికొన్న దినచర్యలు, సమస్తమైన కాగితములను నాశము చేసెను. దేశములో జరిగిన ప్రతిసంగతియు నందు వ్రాసియుండుటయు, ఇంగ్లండులో స్నేహితు లుండుటయు బయటఁ బడిన భర్త ప్రాణమునకు ముప్పు. కాని బర్మాభాషలోని నూతననిబంధనపుఁ బ్రతిని మాత్రము నాశము చేయలేదు. దానిని దీసి, యింటిక్రింద మన్నులోఁ బూడ్చిపెట్టెను.

మూఁడవ నాఁడు నగరాధికారికిఁ గానుకలతో విన్నవించుకొని చెఱసాల ద్వారమువఱకుఁ బోవ ననుమతి పడసెను. జడ్సను మోఁకాళ్లమీఁదఁ బ్రాకివచ్చి మాటలాడఁబోవునంతలోఁ దలారులు దొరసానిని దఱిమిరి. లంచముగా ధనము, వస్త్రములు ముట్టఁగా ఖైదీలను లోపలి చీఁకటికొట్టునుండి యావరణములోని పాకకు మార్చిరి. తరువాతి కొన్ని నెలలు ప్రతిదినమును నామె యొక యధికారి వాకిటినుండి మఱియొక యధికారి వాకిటికిఁ దిరిగెను. రాణితమ్ముని భార్యకు విన్నవించెను. ఖైదీని జంపరు, ఉన్నచోటనే యుండనిమ్ము, అని యుత్తరము వచ్చెను. ఇల్లు చెఱసాలకు రెండుమైళ్ల దూరము. పగ లుండనీయనిచో రాత్రి తొమ్మిదిగంటల వేళ నొంటరిగ నడచి యింటికిఁ బోవును. ఆ దేశమున ఖైదీల కన్నము పెట్టుట సర్కారు పని గాదు. తెచ్చువారు లేనివాఁ డాఁకటఁ జచ్చును. కావున నామె నడకయే భర్త ప్రాణము. ఒకనాఁడు ఎనుము మాంసమును అరఁటిపండును గలిపి స్వదేశపుఁ బిండివంట వంటిది చేసి పంపెను. దానిని జూచి తొల్లింటి పండుగలు స్మరణకు రాఁగా, అంతవఱకు సంకెలలకు జలింపని జడ్సను తినలేక కంట నీరుపెట్టుకొని తోడి ఖైదీకి నిచ్చివేసెను.

మాటలాడుటకుఁ జిక్కిన మొదటి సమయమున భర్త యడిగినది వ్రాఁతప్రతిని గూర్చి. వానకాలము, మన్నులోఁ గాగితము కుళ్లును. అందువలన దొరసాని ప్రతిని దీసి, దూదిలోఁ జుట్టి, దిండుగాఁ గుట్టి చెఱసాలకుఁ బంపెను. ఆ దిండెంత గట్టిదనఁగా దలారి వాఁడైనను గోరఁడు. ఇందే యా యుపాయపు చమత్కారమున్నది. చక్కనిదైన నెవఁడో యెత్తుకొనిపోవును. పది పదునొకండు నెలలు జడ్సను దన గ్రంథముమీఁదనే తలపెట్టి పండుకొనెను. ఈ కథ దంపతుల మరణానంతరము 1853లో వేలండు వ్రాసిన జీవితచరిత్రములో విపులముగా నున్నది. చెఱసాలను గూర్చి ప్రత్యక్షసాక్ష్యములు రెండు: దొరసాని 1826 మే నెలలో మఱఁదికి వ్రాసిన దీర్ఘలేఖ యొకటి, తోడిఖైదీ గౌజరు 1860లోఁ బ్రకటించిన స్వానుభవకథ యొకటి. మతమునఁ బట్టుదల యెఱుఁగని వర్తకుఁడగు గౌజరు దొరసానిని గూర్చి వ్రాసిన పుటలు, భక్తుల స్తుతులకంటె నాకెక్కువ నమ్మఁదగినవిగాఁ దోఁచును.

1825 జనవరి 26వ తేదిని దొరసాని కూఁతును గనెను. ఇరువదినాళ్ల బిడ్డ నెత్తుకొని చెఱసాల ద్వారమునకుఁ బోయి తండ్రికిఁ జూపెను. కలము కాగితము లేని జడ్సను అప్పుడు బిడ్డను సంబోధించుచుఁ బద్యములు మనస్సులోనే కట్టి ధారణలో నిలుపుకొని, విడుదల పిదప వ్రాసెను. మన యవధానులకుఁ దెలిసిన విద్యయే, కాని సంకెలలలో.

మార్చి నెలలో ఖైదీలను మరల లోపలి కొట్టులోఁ ద్రోసిరి. నూఱుమందికిఁ బైగా నొకే గది. పలకల సందులు తప్ప గాలి చొరదు. జడ్సనునకు జ్వరము వచ్చెను. ఆవరణములో నొక సింహపు బోను ఖాళీగా నుండెను. ఆ సింహము రాజునకుఁ గానుకగా వచ్చినది. ఇంగ్లీషువారి పతాకము మీఁద సింహ ముండుటచే నది యపశకున మని శంకించి దొరలు దానిని జెఱసాలఁ బెట్టించి యన్నము లేక చంపిరి. ఆ బోనులో జడ్సనును బరుండఁబెట్టుటకు దొరసాని వేఁడి యనుమతి పొందెను. పులిబోను పురమందిరమైన దని నవ్వుదుమా, యేడ్తుమా? నగరాధికారి వృద్ధుఁడు, కొంత కరుణగలవాఁడు. తెల్లఖైదీలను రహస్యముగాఁ జంపుమని రాణితమ్ముఁడు మూఁడుమాఱు లాజ్ఞాపించినను దాను జంపక జాగు చేయుచుంటి నని యతఁడే దొరసానితోఁ గన్నీటితోఁ జెప్పెను.

మే 2వ తేదిని ఆ వృద్ధుఁడు, తన గడియారమును గూర్చి మాటలాడవలె నను నెపముతో దొరసానిని బిలిపించి నిలిపియుంచెను. ఆ వేళనే ఖైదీలను త్రాళ్లతో నిద్దఱిద్దఱిగాఁ గట్టి, చెప్పులు లాగికొని, మిట్టమధ్యాహ్నపు టిసుకలో అమరపురమువైపునకు నడపిరి. జ్వరమునఁ గృశించిన జడ్సను పాదముల చర్మమూడిపోయెను. గౌజరు సేవకుఁడైన బంగాళీ యొకఁడు వెనుకనుండి వచ్చి, తన తలగుడ్డను రెండుగాఁ జించి సగము తన దొరకును, సగము జడ్సనునకును గాళ్లకుఁ గట్టి, జడ్సనునకు భుజమిచ్చి నడపించెను. ఖైదీలలో నొక గ్రీకువాఁడు దారిలోఁ గూలి యనంతరము చనిపోయెను. ఆ సేవకుని పేరు చరిత్రలో నిలువలేదు.

ఈ గందరగోళములో దిండు పోయినది. ఒక తలారి దాని పైచాపను విప్పుకొని, లోని గట్టి దూదియుండను బనికిరానిదని పాఱవైచెను. కొన్ని గంటల పిదప మౌంగ్ ఇం గను శిష్యుఁడు వచ్చి వెదకఁగా, గురువునకు జ్ఞాపకచిహ్నముగా నా యుండ యొక్కటియే దొరకెను. లోపల నేమున్నదో యతఁడెఱుఁగఁడు. ఇంటికిఁ గొనిపోయి దాఁచెను. చాలనెలలకు దానిని విప్పఁగా వ్రాఁతప్రతి చెక్కుచెదరక యుండెను. గ్రంథ రక్షణమునకు మన పండితులలో సాధారణముగాఁ గొనియాడఁబడువారు గ్రంథకర్తలు, లేఖకులు, సంపాదకులు. ఇక్కడ రక్షించినవాఁ డేమి రక్షించుచున్నాఁడో యెఱుఁగఁడు. గురుభక్తి మాత్రమే యెఱుఁగును.

దొరసాని వృత్తాంతము విని, మూఁడునెలల బిడ్డతోను, తనయింటఁ బెరుఁగుచున్న యిద్దఱు బర్మాబాలికలతోను, బంగాళీ వంటవానితోను వెంట బయలుదేరి ఔంగ్‌బిన్లే గ్రామము చేరెను. చెఱసాల పైకప్పు లేని శిథిలము. ఇందుఁ బెట్టి కాల్చివేయుదు రని వదంతి. అచటికిఁ బంపించిన సేనాధిపతి పకాన్‌వన్ను కొలఁదిదినములలోనే రాజద్రోహి యని తేలి చంపఁబడుటచే నా గండము తప్పినది. జెయిలరు ధాన్యపుకొట్టులో సగము దొరసానికి నివాసమయ్యెను. ఆఱునెలలు అదే యిల్లు. బాలికలలో నొకతెకు మసూచి తగులఁగా, దొరసాని రెండవ పిల్లకును జెయిలరు బిడ్డలకును మసూచిరసము నెక్కించి బ్రతికించెను. తనబిడ్డకు మాత్రము టీకా నిలువక మసూచి ముదిరెను. పిదపఁ దానును జ్వరమునఁ బడెను, పాలు నిలిచిపోయినవి. అప్పుడు జెయిలరుకుఁ గానుక లిచ్చి యనుమతి పొంది, జడ్సను సంకెలలతోనే బిడ్డ నెత్తుకొని గ్రామమందు బాలెంతల యిండ్ల వాకిళ్లఁ బాలకొఱకు యాచించుచుఁ దిరిగెను. ఆ బర్మాతల్లులు శత్రువు బిడ్డ యని యనక పాలిచ్చిరి. వంటవాఁడు కులమర్యాదను బ్రక్కకుఁ బెట్టి, కట్టెలు తెచ్చి, నీళ్లు మోసి, జీత మడుగక రోగులను సాఁకెను. ఈ ముగ్గుర నామె తన లేఖలోఁ గృతజ్ఞతతోఁ జెప్పుకొన్నది.

1825 నవంబరులో సంధిమాటలకు దుబాసి కావలసివచ్చుటచే జడ్సనును విడిచి సేనాశిబిరమునకుఁ బంపిరి. పట్టించిన భాషాజ్ఞానమే విడిపించినది. 1826 ఫిబ్రవరి 24వ తేదిని యాండబో సంధి జరిగెను. అచటి విందులో ఇంగ్లీషు సేనాపతి దొరసానిని బ్రక్కనఁ గూర్చుండఁబెట్టుకొనఁగా బర్మారాయబారి యొకఁడు వడఁక నారంభించె నఁట. పూర్వము వాకిట దినమెల్ల నిలువఁబెట్టి, మరలి పోవునపు డామె చేతిలోని పట్టుగొడుగును లాగికొన్నవాఁడు వాఁడే. ఆమె భయపడకుమని వానితో నతని భాషలోఁ జెప్పెను. ఇది కుటుంబమువారు చెప్పుకొను కథ గాని, స్వభావమునకు సరిపోవును.

తరువాతిది క్లుప్తముగాఁ జెప్పుదును. ఆ 1826 అక్టోబరు 24వ తేదిని, జడ్సను దుబాసిగా ఆవాలో నుండఁగా, ఆన్ ఆమ్హర్‌స్టున జ్వరముచే మరణించెను, ముప్పదియాఱేండ్ల వయస్సు. నెలకుఁ గాని వార్త యతనికిఁ జేరలేదు. ఆఱునెలలకు, 1827 ఏప్రిలు 24వ తేదిని, కూఁతురును బోయెను. తరువాత జడ్సను అడవిలో వెదురుపాక వేసికొని యొంటరిగ నుండెను. తనకిచ్చిన పాండిత్యబిరుదమును ద్రోసిపుచ్చెను. విశ్వాసము నిలుపుకొనుట యనఁగా నెన్నఁడును జీఁకటి గానకుండుట యని యెంచువా రీ భాగమును విడిచి వ్రాయుదురు. నే నట్లు చేయను. ఆ చీఁకటిలో నుండియే యతఁడు బల్లకుఁ దిరిగివచ్చెను. 1832లో నూతననిబంధన మచ్చయ్యెను. 1834 జనవరి 31వ తేదిని బైబిలంతయు ననువదింపఁబడెను. 1840లో సవరించిన ముద్రణము వెలువడెను. 1834లోఁ బెండ్లాడిన సారాయుఁ బండితురాలే; ‘యాత్రికుని ప్రయాణము’ను బర్మాభాషలోనికి మార్చినది. జడ్సను 1850 ఏప్రిలు 12వ తేదిని సముద్రముమీఁద మరణించెను. అతని యనువాదమును బర్మా క్రైస్తవులు నేఁటికిని జదువుచున్నారు.

ఆ యనువాదములోని మూఁడు పదములను జూపుట మన పత్రిక కుచితము. దేవునికి శాశ్వతత్వమును జెప్పుటకు జడ్సను ‘థావర’ శబ్దమును గ్రహించెను. ఇది సంస్కృత ‘స్థావరము’. మనకు స్థావర మనఁగాఁ గదలని కొండ, చెట్టు, దస్తావేజులలో నిల్లును బొలమును. బర్మాభాషలో నది యెన్నటికి నిలుచునది. దీనితోఁ జేర్చిన ‘భురా’ (పలుకుబడిలో ‘ఫయా’) బుద్ధునకును, గోపురములకును, రాజునకును గూడఁ జెల్లుపదము. రెండవది, ఆత్మకు ‘విఞ్ఞాణ’ము, మన ‘విజ్ఞానము’. బౌద్ధులకు విజ్ఞానము క్షణక్షణము పుట్టి నశించునది. క్రైస్తవునకు ఆత్మ నిత్యము. ఒకే శబ్దమున విరుద్ధార్థము లిముడ్పవలసివచ్చినవానికి మన శంకరుల యద్వైతమును బౌద్ధపరిభాషలో వివరించు కష్టమే కలిగియుండును. మూఁడవది, నిబంధనమునకు ‘ధమ్మ’ శబ్దము. ‘క్రొత్త ధమ్మము’, ‘పాత ధమ్మము’ అని గ్రంథనామములు. జలసంస్కారమునకు మాత్ర మనువాదము చేయక గ్రీకుశబ్దమునే బర్మాలిపిలో నుంచెను. ఓడలో నే ధాతువుకొఱకు జీవికను వదలుకొనెనో యా ధాతువునే మార్చుట కొప్పుకొనలేదని నాకుఁ దోఁచును.

తెలుఁగుదేశపు సంబంధ మిఁక. జడ్సనుల నాదరించుటకుఁ బుట్టిన సంఘమే శామ్యూలు డే అను బోధకుని మనదేశమునకుఁ బంపఁగా నతఁడు 1836లో వచ్చెను. అతఁడు మొదట విశాఖపట్టణమునను, చెన్నపట్టణమునను నుండి 1840లో నెల్లూరు చేరెను. నెల్లూరు, ఒంగోలు క్రైస్తవసంఘముల కదియే మూలము. మన తీరపు కోరంగిరేవునుండి పోయిన తెలుఁగుకూలీలను బర్మావారు ‘కొరంగీలు’ అని పిలుచుట పిదపటి మాట. బర్మావారు మోనులకుఁ బెట్టిన ‘తలైంగు’ పేరు ‘తెలింగ’ శబ్దభవ మని యొక వాదము కలదు. అది తేలని చర్చ గావున నిచటఁ దడవను.

1824 జూనులో ఆవానగరమున నాశమైన దినచర్యల విషయ మొక్కటి మిగిలినది. ఏండ్లకొలఁది రంగూనున బర్మాస్త్రీలతోఁ గలసి మెలసి, సయాముభాష గూడ నేర్చి, ప్రతిసంగతిని వ్రాసికొన్న స్త్రీ పుస్తకములవి. భర్తవ్రాఁత దిండులో మిగిలినది. తనవ్రాఁత తన చేతనే పోయినది. 1823లోఁ దాను ప్రకటించిన మిషను చరిత్రము, జాబులు కొన్ని, మఱఁదికి వ్రాసిన యా లేఖ, ఇవి మాత్రమే నేఁడు మనము చదువఁగలిగినవి.